ఆరో ప్లగ్గు

ఆషాఢం వెళ్లేనాటికి చలువాది కోటిలింగం చేతిలో ఐదుగురి కోపాలు ఉన్నాయి. ఐదూ ఒకే రకం, ఒకే ఏడాది సరుకు, ఒకే వేడి. తెల్లటి పింగాణీ ఒళ్లు, కింద ఇనప మరలు, కొసన బియ్యపు గింజంత ముల్లు. అట్టపెట్టెలో దూది పరిచి, పక్కపక్కన పడుకోబెట్టి, పెట్టె మీద తేదీ రాసి గల్లాపెట్టె వెనక అరలో పెట్టుకున్నాడు. ఇవి కాక ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో పాత కార్ల విడిభాగాల కొట్టు ఉంది. అందులో సగం తండ్రి ఇచ్చిపోయింది, సగం తాను కలుపుకున్నది. తండ్రి ఇచ్చినవాటిలో ఇన్నేళ్లుగా వాడకుండా మూలన పడేసిన మాట కూడా ఒకటి ఉంది: "పోనీలే."

కావలసింది ఆరో కోపం.

ఇందులో వింతేమీ లేదు. పాత విలాసపు కార్లకు స్పార్క్ ప్లగ్గులు చేసే కంపెనీలు వాటిని చేయడం మానేసి చాలాకాలమైంది. ఇంజనులో పెట్రోలు ఆవిరికి నిప్పు అంటించేది ప్లగ్గే గనుక, అది లేకపోతే ఎంత ఖరీదైన బండయినా ఇనప మంచమే. అప్పట్లో ప్రభుత్వం ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దేశంలో నిప్పు రాజేసే సరుకు ఏది ఎక్కువగా, ఖర్చు లేకుండా దొరుకుతుందో చూడమంది. సంఘం ఏడు జిల్లాలు తిరిగింది. అర్జీల వరుసల్లో నిలబడ్డవాళ్ల దగ్గర అది పుష్కలంగా ఉందని, ఎవరూ వాడుకోక వృథాగా పోతోందని నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత జిల్లాకొక జ్వలన కార్యాలయం వచ్చింది.

అక్కడ పని సులువు. కోపం ఉన్న మనిషి కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ఇత్తడి కడ్డీ పట్టుకుని, జరిగింది జరిగినట్టు మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చెప్పాలి. మొదటి మాట దాటాక గుమాస్తా అడ్డు రాకూడదు. ప్రభుత్వ ఉద్యోగి ఒకరు అర్జీదారు చెప్పేది పూర్తిగా వినే చోటు జిల్లా మొత్తంలో అదొక్కటే. చెప్పడం అయ్యాక కుర్చీ కింద ఇసుక పళ్లెంలో ప్లగ్గు పడుతుంది. మనిషి గ్లాసుడు మజ్జిగ తాగి, సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోతాడు. నొప్పి ఉండదు. జ్ఞాపకాలు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటికి వేడి మాత్రం ఉండదు.

ఏ బండికి ఏ కోపం పనికొస్తుందో చెప్పడంలో కోటిలింగాన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అరిచి, బల్ల గుద్ది, బయటికొచ్చి టీ తాగి మరిచిపోయేవాళ్లది చల్ల ప్లగ్గు. వేడిని నిలుపుకోదు, నెల తిరక్కుండా మసి పట్టి ఆరిపోతుంది. నోరు మెదపకుండా లోపలే దాచుకునేవాళ్లది వేడి ప్లగ్గు. అది ముట్టించాల్సిన క్షణానికంటే ముందే ముట్టించి పిస్టనుకు చిల్లు పెడుతుంది. ఆరు సిలిండర్ల పాత బండికి ఈ రెండూ పనికిరావు. ప్రతి సోమవారం అర్జీ రాసుకొచ్చి, వరుసలో నిలబడి, వచ్చేవారం రమ్మనిపించుకుని, వచ్చేవారం మళ్లీ వచ్చే మనిషి కోపం కావాలి. అది సమంగా కాలుతుంది. లక్ష కిలోమీటర్లు వస్తుంది.

కొట్టు ముందు బోర్డు మీద అతను ఎర్ర రంగుతో రాయించాడు: విడిగా అమ్మబడవు, ఆరూ కలిపి సెట్టు మాత్రమే. ఐదు ఒక తీరుగా ఒకటి ఇంకో తీరుగా ఉంటే ఇంజను మిస్సింగ్ కొడుతుంది, బండి ఎక్కిళ్లు పెడుతుంది. పేరు పోయేది ప్లగ్గుది కాదు, కొట్టుది. సెట్టు కుదిరిందో లేదో చెవితో చూసుకోవాలి. ప్లగ్గును బ్యాటరీ తీగకు ఆనిస్తే కొసన నీలం నిప్పు చిటపటమంటుంది. ఆ చిటపటలో ఆ మనిషి చెప్పిన మొదటి మాట వినిపిస్తుంది. కోటిలింగం పెట్టెలోని ఐదూ ఒకే మాట అంటాయి.

"మూత."

మూడో అడ్డరోడ్డు మలుపులో డ్రైనేజీ గుంత ఉంది. రెండున్నర అడుగుల వెడల్పు. దానికి మూత లేదు. పంక్చర్లు వేసే యేసుపాదం, ఇడ్లీ బండి వరహాలమ్మ, ఒక వెల్డరు, సీట్లు కుట్టే అతను, ఒక పెయింటరు, కోటిలింగం, ఈ ఆరుగురూ కలిసి మూత వేయించమని పదకొండు అర్జీలు పెట్టారు. పన్నెండోది రాస్తుండగా, కిందటేడు శ్రావణంలో, పొద్దున్నే పెద్ద వాన కురిసింది. రోడ్డూ గుంతా ఒకే నీళ్లయ్యాయి. కొట్టు తెరవడానికి వస్తున్న కోటిలింగం తమ్ముడు శివలింగం స్కూటరుతో సహా అందులోకి వెళ్లిపోయాడు. స్కూటరు గుంతలోనే దొరికింది. శివలింగం రెండో రోజు ఊరి బయట, మురుగు కాలవలో కలిసేచోట, ఇనప జాలీకి ఆనుకుని దొరికాడు. చేతి వాచీ నడుస్తూనే ఉంది.

మురుగునీటి బోర్డు విచారణ జరిపించింది. బోర్డు రిజిస్టరు ప్రకారం ఆ గుంతకు మూత ఉంది. నాలుగేళ్ల కిందటే వేసినట్టు సంతకాలున్నాయి, ఫొటో ఉంది. ఫొటో వేరే గుంతది, కానీ మూత గట్టిదే. మూత ఉన్న గుంతలో మనిషి పడడం సాధ్యం కాదు గనుక శివలింగం రోడ్డు మీదే మునిగాడని తేల్చారు. స్థానికుడై ఉండి కూడా రోడ్డు లోతు గమనించకపోవడం మృతుని అజాగ్రత్త అని కింద ఒక వాక్యం కలిపారు.

ఆ వాక్యం కోటిలింగానికి కంఠతా వచ్చు. సరుకు లెక్కపెట్టేటప్పుడు, బేరం చేసేటప్పుడు, నెత్తిన నీళ్లు పోసుకునేటప్పుడు అది పళ్ల మధ్య ఇసుకలా కరకరలాడేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. శ్రావణం నుంచి శ్రావణం దాకా ఒక్క సోమవారం వదలకుండా బోర్డు ఆఫీసుకు వెళ్లాడు. ఒకే చొక్కా వేసుకుని వెళ్లేవాడు. తనను మరిచిపోయే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదని.

రిజిస్టరులో ఉన్న మూత నిజానికి లేదని రాయాలంటే ఛైర్మన్ గారు స్వయంగా వచ్చి కళ్లారా చూడాలి. ఆయన తనిఖీ చెల్లాలంటే బోర్డు కారులోనే రావాలి. తనిఖీ పత్రంలో మొదటి గడి ఆ కారు మీటరు అంకె. బోర్డు కారు ముప్పై రెండేళ్ల నాటి విలాసపు బండి. తోలు సీట్లు, టేకు చెక్క డాష్‌బోర్డు, కునుకు తీయడానికి మెత్తటి తలగడ. ప్లగ్గులు అరిగిపోయి ఏడాదిన్నరగా షెడ్డులో ఉంది. కొత్తది కొనాలంటే ఇది పనికిరాదని తేల్చాలి. తేల్చాలంటే ఇది తనంతట తాను పరీక్ష మైదానం దాకా నడిచి వెళ్లాలి. ప్లగ్గులు కొనడానికి బోర్డుకు అధికారం లేదు, అర్జీదారులు ఇష్టపూర్వకంగా ఇస్తే పుచ్చుకోవచ్చు. కాబట్టి మూత పడాలంటే బండి కదలాలి, బండి కదలాలంటే ఆరు కోపాలు కావాలి, ఆ ఆరూ మూత అడుగుతున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి. బోర్డు గుమాస్తా ఇదంతా వేళ్లు ముడుస్తూ కోటిలింగానికి నిదానంగా వివరించాడు. ఎంత కోపంతో వెతికినా ఇందులో తప్పుపట్టడానికి కోటిలింగానికి సందు దొరకలేదు.

అయితే అతను వ్యాపారి. ఉన్నదంతా పెట్టి ఒక్కటి కొనే అలవాటు లేదు. ఐదు తోటివాళ్లవి ఇప్పించి, ఆరోది బయట తెచ్చి, తనది తన దగ్గరే ఉంచుకోవాలని లెక్క వేసుకున్నాడు. మూత పడ్డాక కూడా అడగాల్సినవి ఉన్నాయి. ఆ ఫొటో ఎవరు తీశారు, ఆ సంతకం ఎవరిది, ఆ వాక్యం ఏ చేత్తో రాశారు. ఇవన్నీ అడగడానికి ఒక్క కోపమైనా ఉండాలి.

ఐదుగురూ తేలిగ్గానే ఒప్పుకున్నారు. యేసుపాదం జ్వలన కార్యాలయం నుంచి తిరిగొచ్చి, ఏడాదిగా ఒంట్లో ఉన్న జ్వరం దిగినట్టుందని చెప్పి, ఆ మధ్యాహ్నం గుంత పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. వరహాలమ్మ చట్నీలో కారం తగ్గిపోయింది. గుంత గురించి ఎవరైనా అడిగితే ఐదుగురూ వివరంగా చెప్పేవారు, ఊళ్లో ఫలానా హోటలు ఎక్కడుందో చెప్పినట్టు.

ఆరోది పక్కవీధిలో పింఛను ఆగిపోయిన డ్రాయింగు మాస్టారి దగ్గర దొరికింది. వేడి సరిపోయింది, మరలు సరిపోయాయి. బోర్డు షెడ్డులో నాగుల్ మీరా బండి మూత ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. అతను ఆ ఊళ్లో పాత బండ్ల పని తెలిసిన ఆఖరి మెకానిక్కు. పాత ప్లగ్గులు ఆరూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు, కొత్తవి బిగించాడు, తాళం తిప్పాడు. ఐదు సిలిండర్లు "మూత, మూత" అంటుంటే ఆరోది "పింఛను" అంది. బండి ఎక్కిళ్లు పెట్టి, షెడ్డంతా పొగ చేసి ఆగిపోయింది.

"మీ కొట్టు బోర్డు మీద రాసిందే శెట్టిగారూ," అన్నాడు నాగుల్ మీరా, కొత్తవి విప్పి ఐదింటినీ తిరిగి పెట్టెలో సర్దుతూ. "సెట్టు కాదిది."

సంగతి విన్న మరుసటి రోజు శివలింగం భార్య కనకవల్లి తన కోపం తీసుకోమంది. భర్త పోయినప్పటినుంచి ఆమె కొట్టులో అతని బల్ల దగ్గరే కూర్చుని అతని కత్తెరతో ఇంజను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు కత్తిరిస్తోంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆఫీసుల్లో మాట్లాడటం బావగారికి వచ్చు గనుక ఆయనది ఆయన దగ్గరే ఉండాలని, తనది బండికి పెట్టాలని ఆమె లెక్క. కోటిలింగానికి ఆ లెక్క నచ్చింది. వెంటబెట్టుకుని జ్వలన కార్యాలయానికి తీసుకెళ్లాడు. ఆమె కడ్డీ పట్టుకుని చెప్పింది చాలా తక్కువ. పళ్లెంలో ఇసుక కరిగి గాజయింది. కుర్చీ చెక్క కాలిన వాసన వచ్చింది. అధికారి లేచి నిలబడి, కిటికీ తెరిపించి, చీటీ రాశాడు: అతివేడి, ఇంజనుకు ప్రమాదం, తిరస్కరించడమైనది, దాత పేరు అర్జీదారుల జాబితాలో ఇకపై చేర్చరాదు. కనకవల్లి ఆ ఎర్రటి ప్లగ్గును కొంగుతో పట్టుకుని తీసింది. అది ఆమె అరచేతిలోనే కరిగి, వచ్చిన దారినే లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు మజ్జిగ ఇవ్వలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. పాత ఆరింటిలో ఏదైనా ఒకదానిలో కాస్త ప్రాణం ఉంటే దాన్ని ఆరో సిలిండరుకు పెట్టి, ఎక్కిళ్లతోనైనా మూడో అడ్డరోడ్డు దాకా లాగిద్దామన్నాడు నాగుల్ మీరా. అవి ఇరవయ్యారేళ్ల కిందట, జ్వలన కార్యాలయం తెరిచిన కొత్తలో తీసిన మొదటి సరుకు. అప్పట్లో పేర్లు రాసేవారు కాదు. తీగకు ఒక్కొక్కటీ ఆనించి చూశాడు. మొదటిది పలకలేదు. రెండోది, మూడోది, నాలుగోది పలకలేదు. ఐదోదాని కొసన ఎర్రటి చుక్క ఒకటి వణికింది.

"నా కొట్టు," అంది ప్లగ్గు.

కోటిలింగం టీ గ్లాసు కింద పెట్టాడు. అది అతని తండ్రి వెంకటాచలం గొంతు. ఇరవయ్యారేళ్లుగా వినని గొంతు. ఆయన బతికి ఉన్న రోజుల్లోనే వినపడడం మానేసిన గొంతు.

కోటిలింగానికి పదిహేడేళ్లప్పుడు మూడో అడ్డరోడ్డు వెడల్పు చేశారు. వాళ్ల కొట్టు సగం కూలగొట్టారు. నష్టపరిహారం ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. వెంకటాచలం ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇంటికొచ్చి కంచం విసిరేసేవాడు, ఆ కేకలకు వీధి తలుపులు తెరుచుకునేవి. ఒకరోజు మధ్యాహ్నం మీసానికి మజ్జిగ మరకతో ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, "పోనీలేరా" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దేనికైనా అదే మాట. కొట్టు సగమే ఉందంటే పోనీలే. గుమాస్తా దోచుకున్నాడంటే పోనీలే. కొడుకు ఆయన్ను చేతకానివాడనుకున్నాడు. ఎదురుగానే అన్నాడు కూడా. ఆ మాట తన నోట రానివ్వనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

ఎర్ర చుక్క ఇంకోసారి వణికి ఆరిపోయింది. నాగుల్ మీరా దాన్ని గుడ్డతో తుడిచి, ముల్లు పూర్తిగా అరిగిందని చూపించి, నిబంధన ప్రకారం వారసుడికి చెందుతుందని కోటిలింగం చేతిలో పెట్టాడు. అది కొంచెం వెచ్చగా ఉంది. ఈ బండి షెడ్డుకు చేరేదాకా దాదాపు పాతికేళ్లు, తొంభైవేల కిలోమీటర్లు, తన తండ్రి కొట్టు మీద నడిచిందని కోటిలింగానికి అర్థమైంది. ఆ తొంభైవేలలో ఒక్కటైనా మూడో అడ్డరోడ్డుకు వచ్చిందా అని షెడ్డులో ఉన్న బోర్డు డ్రైవరును అడిగాడు. డ్రైవరు ఆలోచించి, ఆ వైపు రోడ్డు బాగోదండీ అన్నాడు.

ఆ రోజు కోటిలింగానికి వచ్చిన కోపం కొలిచే గేజీ జిల్లాలో లేదు. కొట్టుకొచ్చి, అట్టపెట్టె తీసి, ఐదు ప్లగ్గుల్నీ బండకేసి కొట్టాలనుకున్నాడు. ఒక్కసారి కింద పడ్డ ప్లగ్గును ఏ మెకానిక్కూ బిగించడు. పింగాణీలో కంటికి కనపడని చీలిక వస్తుంది. పెట్టె ఎత్తాడు కూడా. కానీ బండకేసి కొడితే ఐదు పోతాయి, మూత రాదు, ఇంకో వాన మాత్రం వస్తుంది. అతను ఎంత కోపంలోనూ కూడిక తీసివేత మరిచిపోలేని మనిషి. అదే అతని బలమనుకునేవాడు. పెట్టె దించి, కనకవల్లి బల్ల ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నాది ఇచ్చేస్తానమ్మా," అన్నాడు.

ఆమె కత్తెర ఆపలేదు. "మూత వేస్తే మంచిదే. వేయకపోతే అడిగేదెవరు బావగారూ?"

"నువ్వున్నావుగా. నీది ఎవడూ తీసుకోలేడు. బండికి స్టెప్నీ ఉన్నట్టు."

"స్టెప్నీని డిక్కీలో పడేస్తారు," అంది కనకవల్లి. "నా మాట ఎవరు వింటారు? జాబితాలో నా పేరే లేదు."

"నేను పక్కనుంటాను కదా."

ఆమె అప్పుడు తలెత్తింది. "ఉంటారా?"

ఉంటానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

సోమవారం పొద్దున జ్వలన కార్యాలయం కుర్చీలో కూర్చుని కడ్డీ పట్టుకున్నాడు. "మా తమ్ముడు" అని మొదలెట్టాడు. గుమాస్తా చెయ్యెత్తి ఆపాడు. మొదటి మాట ఇంకా దాటలేదు గనుక ఆపడానికి వీలుంది. మిగతా ఐదూ మూతతో మొదలయ్యాయని, ఇది తమ్ముడితో మొదలైతే సెట్టు కుదరదని, ఆ సంగతి శెట్టిగారికి తాను చెప్పేదేముందని మర్యాదగా అన్నాడు. "మూతతో మొదలెట్టండి. తమ్ముడుగారు మధ్యలో వస్తారు."

కోటిలింగం కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత "మూత" అన్నాడు. అక్కణ్ణుంచి పదకొండు అర్జీలు, వాన, స్కూటరు, జాలీ, వాచీ, ఫొటో, ఆ వాక్యం, తండ్రి కొట్టు, అన్నీ చెప్పాడు. గంటంపావు పట్టింది. గుమాస్తా మొత్తం విన్నాడు. చివరి మాట అయ్యాక కింద ఇసుకలో మెత్తగా చప్పుడయింది. కోటిలింగం మజ్జిగ తాగాడు. ఉప్పు సరిగ్గా సరిపోయిందని గమనించాడు. ఏడాది తర్వాత నాలుకకు రుచి తెలిసింది.

నాగుల్ మీరా ఇంజను చల్లబడేదాకా ఆగాడు. వేడి మీద ముట్టుకుంటే మరలు చెడతాయి. ప్లగ్గు గుంటల్లో గాలి కొట్టి దుమ్ము తీశాడు. ఒక్కోదాని సందు రేకు గేజీతో కొలిచి, చేత్తోనే నాలుగు చుట్లు ఎక్కించి, ఆ తర్వాతే పానా పట్టాడు. బలవంతపెట్టకుండా తిరిగితేనే సరైన ప్లగ్గు అంటాడతను. కోటిలింగం కోపం ఆరో సిలిండరులో ఎక్కడా పట్టకుండా తిరిగింది. తాళం తిప్పితే ఇంజను నడుస్తున్నట్టే తెలియలేదు. దాని మీద నిండు టీ గ్లాసు పెట్టి చూపించాడు. చుక్క తొణకలేదు. ఆరు గొంతులు ఒక్క గొంతుగా, బాగా చెవి పెట్టి వింటే, "మూత మూత మూత" అని మెత్తగా గొణుగుతున్నాయి. అద్దాలు ఎత్తితే అది కూడా వినపడదు. పాత బండ్లలో గొప్పతనం అదే.

గురువారం ఛైర్మన్ గారు తనిఖీకి వచ్చారు. దారిలో చక్కటి నిద్ర పట్టిందని డ్రైవరును మెచ్చుకుంటూ దిగారు. గుంతకు నాలుగడుగుల దూరంలో కారు ఆగింది. నిబంధన ప్రకారం అర్జీదారులు ఆరుగురినీ వరసగా నిలబెట్టి, మూత విషయంలో ఫిర్యాదు ఉందా అని ఒక్కొక్కరినీ అడిగారు. యేసుపాదం అంతా బానే ఉందండి అన్నాడు. వరహాలమ్మ ఇడ్లీ తినమంది. వెల్డరు, సీట్లతను, పెయింటరు నవ్వి నమస్కారం పెట్టారు. ఆరోవాడు కోటిలింగం.

అతనికి గుంత స్పష్టంగా కనిపిస్తోంది. రెండున్నర అడుగులు, నల్లటి నీళ్లు, అంచున విరిగిన సిమెంటు. అందులో తన తమ్ముడు పోయాడని తెలుసు. ఏ వారమో, ఏ తిథో తెలుసు. అడగాల్సిన ప్రశ్నలు మూడూ వరసగా గుర్తున్నాయి. అరల్లో సరుకంతా ఉంది, గిరాకీయే లేదు.

"తమరు ఇంతదూరం వచ్చారు," అన్నాడు. "అదే చాలండి."

ఛైర్మన్ గారు పత్రంలో ఫిర్యాదు లేదు అని రాశారు. ఫిర్యాదు లేనిచోట మూత లేకపోవడానికి వీల్లేదు గనుక రిజిస్టరులో ఉన్నదే ఖాయమైంది. సంతకం పెట్టబోతుంటే కనకవల్లి కొట్టులోంచి వచ్చి కారుకూ గుంతకూ మధ్య నిలబడింది.

"మూత ఏదండీ?"

ఛైర్మన్ గారు బోర్డు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా జాబితా చూసి, ఈమె పేరు లేదండీ, తిరస్కరించిన సరుకు అన్నాడు. కనకవల్లి వాళ్లవైపు చూడలేదు. కోటిలింగం వైపు చూసింది. పక్కనుంటానన్న మనిషి పక్కనే ఉన్నాడు. ఏదో ఒకటి అనాలని అతనికి తెలుసు. నోరు తెరిచాడు. వచ్చిన గొంతు తనదే అయినా మాట వెంకటాచలానిది.

"పోనీలేమ్మా."

ఆమె పక్కకు తప్పుకుంది. కారు చప్పుడు లేకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కనకవల్లి కొట్టు వెనక తుక్కులోంచి లారీ ఫ్లైవీలు, ఇంజను వెనక తిరిగే దళసరి ఇనప చక్రం, ఒకటి దొర్లించుకొచ్చి గుంత మీద వేసింది. మణుగుల బరువు, ఒక్కతే దొర్లించింది. సరిగ్గా సరిపోయింది. మూడు రోజుల తర్వాత బోర్డు నుంచి నోటీసు వచ్చింది. ఇప్పటికే మూత ఉన్న గుంతపై అనధికారికంగా రెండో మూత వేయడం నేరమని, వారంలోగా తొలగించాలని అందులో ఉంది. నోటీసు మర్యాదగా రాశారు. కోటిలింగం రెండుసార్లు చదివి, యేసుపాదాన్ని సాయం పిలిచి, ఫ్లైవీలును తీయించి కొట్టులో పెట్టించాడు. కనకవల్లి చూస్తూ కూర్చుంది. అప్పటినుంచి ఆమె అతన్ని ఏ పేరుతోనూ పిలవడం లేదు. ఆమె మోచేతులు ఆనించే చోట బల్ల చెక్క నల్లబడుతోంది.

భాద్రపదం వానల్లో ఒక పాల వ్యాపారి అదే గుంతలో కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని అన్న కళ్లెర్రజేసుకుని కొట్టుకొచ్చి, ఈ రోడ్డు మీద మగాడన్నవాడు లేడా అని అడిగాడు. కోటిలింగం అతనికి స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, సోమవారం సోమవారం ఆఫీసుకు వెళ్తున్నారా అని వాకబు చేశాడు. వెళ్తున్నానన్నాడు. మంచిదన్నాడు కోటిలింగం. వేడి సరిగ్గానే ఉంది.

లెక్క చూసుకుంటే అతనికి లోటేమీ లేదు. అన్నం సయిస్తోంది. పడుకోగానే నిద్ర పడుతోంది. మాట మెత్తబడడంతో గిరాకీ పెరిగింది. బోర్డు ఇచ్చిన ప్రశంసాపత్రం తమ్ముడి ఫొటో పక్కన వేలాడుతోంది. తండ్రి ప్లగ్గు గల్లాపెట్టె మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది. గుంత దగ్గరికి రాగానే అందరిలాగే అతని కాళ్లు వాటంతటవే ఎడమకు రెండడుగులు జరుగుతున్నాయి. బోర్డు కారుకు మరో లక్ష కిలోమీటర్ల దాకా దిగులు లేదు. ఇరవయ్యారేళ్లుగా మూలన పడి ఉన్న తండ్రి మాట ఒక్కటి ఇప్పుడు రోజూ వాడకంలోకి వచ్చింది. ఎంత వాడినా అరగడం లేదు.